బావగారు బిగించిన స్టీరియో, మసకబారుతున్న మీటరు

రాయగడ నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. పేరు, కారు కంపెనీ పేరు వేయవద్దని కోరారు. ఉత్తరం చాలా పొడవైనది కనుక సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయనది ఏడేళ్ల నాటి పెట్రోలు కారు. తండ్రిగారు తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. మూడు నెలలకోసారి ఆయనను గుండె పరీక్షలకు విశాఖపట్నం తీసుకువెళ్లాలి. ఆ ప్రయాణంలో పెద్దాయనకు కావలసింది ఒక్కటే, విశాఖ ఆకాశవాణి వినిపిస్తూ ఉండాలి. గత దసరాకు పార్వతీపురంలో ఆటో ఎలక్ట్రికల్ షాపు నడిపే బావగారు, అంటే అక్క భర్త, కారుతో వచ్చిన స్టీరియో తీసేసి టచ్ స్క్రీన్ సెట్టు, వెనుక కెమెరా బిగించారు. మామగారికి కానుక అంటూ రూపాయి కూడా తీసుకోలేదు.

ఎనిమిది నెలలు అంతా బాగానే నడిచింది. వానలు మొదలయ్యాక కష్టాలు వచ్చాయి. రాత్రి హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయర్ కలిసి నడుస్తున్నప్పుడు స్క్రీన్ ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటోంది. అదే క్షణంలో డ్యాష్‌బోర్డులో వేగం చూపే మీటరు మసకబారి, ముళ్లు కిందికి పడి లేస్తున్నాయి. కొన్ని ఉదయాలు గడియారం 12 గంటలకు వెళ్లిపోతోంది, దాచుకున్న స్టేషన్లు చెరిగిపోతున్నాయి. ఆక్సిలరేటర్ తొక్కే కొద్దీ స్పీకర్లలో సన్నని ఈల పెరుగుతోంది, విశాఖ స్టేషను ఆ రొదలో మునిగిపోతోంది. మూడు రోజులు కారు తీయకపోతే బ్యాటరీ దిగిపోతోంది. కొత్త బ్యాటరీ వేసినా అదే కథ. మధ్యలో స్టీరియో ఫ్యూజు రెండుసార్లు కాలిపోతే, ఊళ్లోని ఒక మెకానిక్ 10 ఆంపియర్లది తీసి 20 ఆంపియర్లది పెట్టారు.

కంపెనీ సర్వీసు సెంటరు వారు కంప్యూటర్ పెట్టి చూసి, మీటరుతో సంబంధం తెగిపోతున్నట్టు కోడ్ వచ్చిందనీ, మీటరు మొత్తం మార్చాలనీ, 28 వేలు అవుతుందనీ చెప్పారు. బయట బిగించిన సెట్టే దీనికి కారణమని కూడా అన్నారు. బావగారు వచ్చి మల్టీమీటరుతో ఎర్త్ చూశారు, అంటే కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి. బీప్ వినిపించింది. ‘నా పనిలో తప్పు లేదు, సర్వీసు సెంటరు వాళ్లు డబ్బు గుంజుతున్నారు’ అని నొచ్చుకుని వెళ్లిపోయారు. అక్క ఫోనులో ఏడ్చింది. ‘కానుకకు వంక పెట్టినట్టు మాట్లాడావట’ అన్నది. వచ్చే నెలలో నాన్నగారి పరీక్షలున్నాయి. ‘మీటరు మార్చాలా, సెట్టు పీకించాలా? బావగారికి ఏమని చెప్పాలి?’ అని అడిగారు. ఉత్తరం చివర, సంతకానికి ముందు, ఒక చిన్న వాక్యం: ‘ఎడమవైపు ముందు సీటు దగ్గర మ్యాటు తరచూ తడిగా ఉంటోంది, ఏ.సి. నీరు అనుకుంటున్నాను.’

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముప్ఫై ఏళ్లకు పైగా జయపురంలో బండ్ల వైరింగు మీదే బతికినవాణ్ని. మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబిస్తాను. అంతకంటే ముందు ఒక పని మాత్రం ఈ రోజే చేయాలి, దానికి ప్రత్యామ్నాయాలు లేవు. ఆ 20 ఆంపియర్ల ఫ్యూజు తీసేయండి. పసుపు రంగులో ఉంటుంది. దాని స్థానంలో 10 ఆంపియర్ల ఎర్రది పెట్టండి. కరెంటు హద్దు మీరితే తీగ కాలకముందే తాను కాలిపోవడం ఫ్యూజు పని. మీ స్టీరియోకు వెళ్లే సన్నని తీగ 10 ఆంపియర్ల ఫ్యూజుకు తగినట్టు వేసినది. 20 పెట్టినప్పుడు ఫ్యూజు నిలబడుతుంది, తీగ వేడెక్కుతుంది. ఆ తీగ డ్యాష్‌బోర్డు వెనుక ప్లాస్టిక్ మీద, స్పాంజి పక్కన పడుకుని ఉంటుంది. పెద్దాయన పక్క సీట్లో కూర్చునే బండి అది. ఎర్ర ఫ్యూజు మళ్లీ కాలితే కాలనివ్వండి. కారణం దొరికేదాకా రేడియో లేకుండా నడపండి.

ఇక అసలు విషయం. బావగారు చెప్పినదీ నిజమే, సర్వీసు సెంటరు వారు చెప్పినదీ నిజమే అని నాకు అనిపిస్తోంది. బీప్ నిజంగానే వచ్చింది. కోడ్ కూడా నిజంగానే వచ్చింది. కానీ ఆ రెండు పరీక్షలూ మీ కారులోని జబ్బును పట్టుకోగలిగినవి కావు.

బీప్ సంగతి చూద్దాం. మల్టీమీటరు బీప్ కొట్టిందంటే తీగ తెగలేదని మాత్రమే అర్థం. ఆ తీగ ఎంత కరెంటు మోయగలదో అది చెప్పదు. పది పోగులున్న తీగలో తొమ్మిది తుప్పుకు తినేసి ఒక్కటి మిగిలినా బీప్ వస్తుంది. ఒక జాయింటులో తుప్పు వల్ల ఓమ్‌లో పదో వంతు అడ్డంకి ఏర్పడిందనుకోండి. మామూలు మల్టీమీటరుకు అది దాదాపు కనిపించదు. కానీ దాని గుండా 10 ఆంపియర్లు పోతే అక్కడే 1 వోల్టు మాయమవుతుంది, 20 పోతే 2 వోల్టులు. హెడ్‌లైట్లు రెండూ కలిసి దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటాయి. బ్లోయర్, వైపర్లు కలిస్తే ఇంకా పెరుగుతుంది. పగలు, లైట్లు ఆర్పి, ఇంజను ఆపి చూసిన బావగారికి లోపం దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన చూసినప్పుడు ఆ జాయింటు మీద బరువే లేదు.

సర్వీసు సెంటరు వారి కోడ్ కూడా అంతే. మీటరుకు అందే వోల్టేజీ పడిపోతే అది ఒక్క క్షణం స్పృహ తప్పుతుంది. ఇంజను కంప్యూటరు పిలిస్తే పలకదు. ‘మీటరు పలకలేదు’ అని కోడ్ నమోదవుతుంది. మీటరు చెడి పలకలేదా, తిండి అందక పలకలేదా అన్నది కోడ్‌లో ఉండదు. అయితే వారి మాటను పూర్తిగా కొట్టిపారేయవద్దు. పాత మీటర్లలో సోల్డర్ జాయింట్లు పగలడం నేను చాలాసార్లు చూశాను. దాని లక్షణాలు వేరు. ఎండలో నిలిపిన తర్వాత రావడం, డ్యాష్‌బోర్డు మీద తడితే పోవడం, లైట్లు వేసినా వేయకపోయినా ఒకేలా ఉండడం, ముఖ్యంగా మీటరు ఒక్కటే అలా చేయడం. మీ కారులో మీటరు, స్టీరియో ఒకే క్షణంలో పడిపోతున్నాయి. వేర్వేరు పెట్టెలు ఒకేసారి సొమ్మసిల్లుతున్నాయంటే రెంటికీ తిండి పెట్టే దారిలోనే ఎక్కడో అడ్డం ఉంది. అందుకే నేనైతే ఈ దశలో 28 వేలు పెట్టి మీటరు మార్చను.

మీరు చివర్లో రాసిన తడి మ్యాటు వాక్యం ఉత్తరం మొత్తానికీ విలువైనది. చాలా కార్లలో ముందు డోరు పక్కన, కాళ్ల దగ్గర ప్లాస్టిక్ ప్యానెల్ వెనుక ఎర్త్ బోల్టు ఒకటి ఉంటుంది. డ్యాష్‌బోర్డులోని నల్ల తీగలు అనేకం అక్కడికే వచ్చి కలుస్తాయి. ఆ పక్కనే తీగలను కలిపే పెద్ద కప్లర్లు కూడా ఉంటాయి. అక్కడ నెలల తరబడి తడి నిలిస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. లక్షణాలు వానలతోనే మొదలయ్యాయని కూడా రాశారు.

ఆ నీరు ఏదో ముందు తేల్చుకోండి. వాన లేని రోజు ఏ.సి. గంటసేపు నడిపాక తడి వస్తే, ఏ.సి. నీరు బయటికి పోయే గొట్టం మూసుకుపోయిందని అర్థం. ఏ.సి. వేయకుండానే వాన వెలిసిన మర్నాడు తడి కనిపిస్తే, ముందు అద్దం కింద, బానెట్ అంచున ఉన్న జాలీ చూడండి. ఆకులు పేరుకుని నీటిదారి మూసుకుపోయి ఉంటుంది. ఆ నీరు బ్లోయర్ గుండా లోపలికి దిగుతుంది. చెట్టు కింద నిలిపే బండ్లలో ఇది మామూలే. మూడో రకం, జిగటగా, రంగుతో, తియ్యని వాసనతో ఉంటే అది ఇంజను కూలెంటు. అప్పుడు వైరింగు పక్కనపెట్టి ముందు హీటరు చూపించాలి. నీరు ఆపకుండా ఎర్త్ శుభ్రం చేయించుకుంటే, ఎవరు ఎంత బాగా చేసినా, వచ్చే వానలకు మళ్లీ నాకు ఉత్తరం రాయవలసి వస్తుంది.

తర్వాత కొలత. ఐదారు వందల రూపాయల మల్టీమీటరు చాలు. వోల్టుల మీద పెట్టండి. ఇంజను నడుస్తుండగా హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనుక అద్దం హీటరు ఉంటే అదీ, అన్నీ వేయండి. ఒక మొనను బ్యాటరీ మైనస్ సీసపు గూటం మీదే పెట్టండి. దాని చుట్టూ ఉన్న బిగింపు మీద కాదు, ఆ రెంటి మధ్యే లోపం ఉండవచ్చు, పైగా మీరు ఈ మధ్యే బ్యాటరీ మార్పించారు. రెండో మొనను బాడీ మీద, రంగు లేని ఇనుము మీద పెట్టండి. 0.1 వోల్టు లోపు వస్తే చాలా మంచిది, 0.2 దాటితే బానెట్ కిందనే బ్యాటరీని, ఇంజనును, బాడీని కలిపే ఎర్త్ పట్టీలలో, బిగింపుల్లో లోపం ఉంది. అక్కడ బాగుంటే పొడవైన తీగ ఒకటి కలుపుకుని, అదే గూటం నుంచి స్టీరియో వెనుక నల్ల తీగ దాకా కొలవండి. బాడీ దగ్గర 0.05, స్టీరియో దగ్గర 0.9 అని వచ్చిందనుకోండి, దొంగ ఆ రెంటి మధ్య, ఆ తడి ప్యానెల్ వెనుక ఉన్నట్టే. రెండుచోట్లా బాగుంటే ఇదే విధంగా ప్లస్ వైపు, బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు పెట్టె దాకా చూడాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ రెండు కొనల మధ్య కూడా ఒకసారి చూసి రాసుకోండి. సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 13 కూడా రాకపోతే, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్‌నే (మెకానిక్‌లు డైనమో అంటారు) చూపించాలి.

జాగ్రత్తలు రెండు చెబుతాను. తిరిగే బెల్టుకు, ఫ్యానుకు తీగలు, చొక్కా చేతులు దూరంగా ఉంచండి. డ్యాష్‌బోర్డు కింద, స్టీరింగు దగ్గర పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగులవి. మల్టీమీటరు మొన వాటిలో ఎప్పుడూ పెట్టకూడదు.

స్పీకర్లలో ఈల కూడా చాలామటుకు ఇదే కుటుంబానికి చెందినది. ఎర్త్ దారి మూసుకుపోతే స్టీరియో కరెంటు తిరిగి వెళ్లడానికి దొంగదారి వెతుక్కుంటుంది. యాంటెన్నా కేబుల్ పైతొడుగు, కెమెరా కేబుల్ పైతొడుగు దానికి దొరుకుతాయి. ఆల్టర్నేటర్ అలలు ఆ దారిలో చేరి ఈలగా వినిపిస్తాయి. ఇంజను వేగంతో పాటు స్వరం పెరగడానికి కారణం అదే. ఎర్త్ బాగుచేశాక కూడా ఈల మిగిలితే, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటరును ఏ.సి. (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీద పెట్టి చూడండి. అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్‌లో డయోడు పోయిందని అనుమానించాలి.

అన్నిటినీ ఆ ఒక్క బోల్టు మెడకే చుట్టకూడదు. బ్యాటరీ దిగిపోవడం వేరే లోపం, ఫ్యూజు కాలడం బహుశా దానికి తోడు. ఎర్త్ చెడితే పరికరాలకు కరెంటు తగ్గుతుంది, అంతేగానీ నిలిపిన బండిలో బ్యాటరీ ఖాళీ కాదు. తాళం తీశాక కూడా ఏదో తాగుతూనే ఉంది. లెక్క చూడండి. మీలాంటి చిన్న పెట్రోలు కారులో బ్యాటరీ 35 ఆంపియర్ అవర్ల ప్రాంతంలో ఉంటుంది, అంటే ఒక ఆంపియరు చొప్పున దాదాపు 35 గంటలు ఇవ్వగలది. నిద్రపోయిన కారు సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే తీసుకుంటుంది, అంటే రోజుకు ఒక ఆంపియర్ అవర్‌కు కాస్త అటూ ఇటూ. వారాల తరబడి నిలిపినా సెల్ఫ్ తిరగాలి. మూడు రోజుల్లో దిగిపోవాలంటే నిరంతరం 0.3, 0.4 ఆంపియర్లు పోతూ ఉండాలి. 0.4 చొప్పున మూడు రోజులకు దాదాపు 29 ఆంపియర్ అవర్లు అవుతుంది. మీ లక్షణానికి ఈ అంకె అచ్చంగా సరిపోతోంది. కొత్త బ్యాటరీ కొనమన్నవారు కారే కుండకు నీళ్లు పోశారు.

దీన్ని కొలవడానికి బ్యాటరీ మైనస్ బిగింపు విప్పి, గూటానికీ బిగింపుకూ మధ్య మల్టీమీటరును ఆంపియర్ల మీద, 10 ఆంపియర్ల రంధ్రంలో తీగ గుచ్చి పెట్టాలి. అలా ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు, మల్టీమీటరు లోపలి ఫ్యూజు పోతుంది. బిగింపు విప్పి కలపగానే కారులోని పెట్టెలన్నీ మేలుకుంటాయి కనుక, డోర్లు మూసి అరగంట ఆగి అప్పుడు అంకె చూడండి. ఎక్కువగా ఉంటే ఒక్కొక్క ఫ్యూజే తీస్తూ, ఏది తీస్తే అంకె పడిపోతుందో చూడండి. స్టీరియో ఫ్యూజు తీసినప్పుడు పడిపోతుందని నా అంచనా. అప్పుడు కూడా సెట్టు చెడిందని కాదు. సెట్టు ఆన్ అవడానికి తాళంతో వచ్చే ఎర్ర తీగను ఎల్లప్పుడూ కరెంటు ఉండే చోట కలిపారా అన్నది మొదటి అనుమానం. త్వరగా తెరుచుకోవడానికి కొన్ని టచ్ స్క్రీన్ సెట్లు పూర్తిగా ఆరకుండా కునుకు తీస్తాయి, సెట్టింగులలో దాన్ని ఆపవచ్చు. మూడో అనుమానం వెనుక కెమెరా తీగ. డిక్కీ తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టంలో నుంచి అది పోతుంది. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ అక్కడ తీగ వంగుతుంది. పైతొడుగు ఒరిసి ఇనుముకు తగిలితే ఫ్యూజు కాలుతుంది, తగిలీ తగలక తడితో ఉంటే కరెంటు కారుతుంది. ఎలుకలు కొరికినా ఇదే ఫలితం. వానాకాలంలో బానెట్ కింద వెచ్చదనానికి అవి చేరడం మీకు తెలియనిది కాదు.

గడియారం 12కు వెళ్లడం గురించి ఒక చిన్న పరీక్ష. ఉదయం తాళం సగం తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా గడియారం చూడండి. అప్పటికే చెరిగిపోయి ఉంటే సెట్టుకు ఎప్పుడూ కరెంటు ఇవ్వవలసిన పసుపు తీగ రాత్రి ఎక్కడో వదులుతోంది, లేదా బ్యాటరీ అంత కిందికి దిగింది. అప్పుడు సరిగా ఉండి సెల్ఫ్ తర్వాత చెరిగితే, సెల్ఫ్ లాగిన క్షణంలో వోల్టేజీ పడుతోంది. మళ్లీ పైన చెప్పిన బిగింపులు, పట్టీల దగ్గరికే వస్తాం. పసుపు, ఎర్ర తీగలు తారుమారైతే తాళం తీసిన ప్రతిసారీ చెరగాలి. కొన్ని ఉదయాలే అంటున్నారు కనుక అది కాదు. ఆ మేరకు బావగారి పని సరైనదే.

ఇప్పుడు బావగారు. నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలతపెట్టింది ఇదే. తన చేతి పనిని మామగారికి కానుకగా ఇచ్చిన మనిషికి, ఆ పనిలో తప్పుందని సర్వీసు సెంటరు వారి నోటి మాటగా మీరు వినిపించారు. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. కానీ పనివాడికి డబ్బు పోవడం కంటే పని మీద మాట పడడం ఎక్కువ నొప్పి. అందులోనూ అత్తవారింట్లో.

మీ ముందున్న దారులు ఇవి. మీటరు మార్పిస్తే, లోపం ఎర్త్‌లో ఉన్నందువల్ల కొత్త మీటరు కూడా మొదటి వాన రాత్రే మసకబారుతుందని నా భయం. తక్కువలో అవుతుందని పాత మీటరు వేయించుకుంటే వేరే బండి కిలోమీటర్లు మీ బండి మీదికి వస్తాయి. కొన్ని కార్లలో తాళం గుర్తించే ఏర్పాటు మీటరులోనే ఉంటుంది, అది కుదరక బండి స్టార్ట్ కాకపోవచ్చు కూడా. ఎప్పుడైనా మార్చవలసి వస్తే పాత రీడింగు ఫొటో, బిల్లు దాచుకోండి. సెట్టు పీకించి పాతది పెట్టించుకుంటే బ్యాటరీ దిగడం ఆగవచ్చు, ఈల కూడా తగ్గవచ్చు, కానీ తడి, తుప్పు అక్కడే ఉంటాయి. బావగారితో మాటలు మాత్రం నిలిచిపోతాయి. కొత్త ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోతే పని కావచ్చు. ఆయన మొదటి గంటలోనే ‘ఇది ఎవరు చేశారు’ అంటారు. మా వృత్తిలో ఆ మాట అనని వారు తక్కువ. అది పార్వతీపురం చేరడానికి ఎంతో కాలం పట్టదు.

బావగారి షాపుకే తీసుకువెళ్లడం నాలుగో దారి. దీనికీ ఖర్చుంది, ఈసారి మొదటి అడుగు మీరే వేయాలి. వెళ్లేముందు పైన చెప్పిన కొలతలలో మొదటి రెండైనా మీరే తీసి కాగితం మీద రాసుకోండి. ‘మీరు పెట్టిన సెట్టు’ అనే మాట ఎత్తవద్దు. ‘బావగారూ, లైట్లు, బ్లోయర్ వేసినప్పుడు బాడీ దగ్గర ఇంత, సెట్టు దగ్గర ఇంత వస్తోంది, ఇది ఎందుకో నాకు తెలియడం లేదు, ఒకసారి చూస్తారా’ అని అడగండి. పని తెలిసిన మనిషి అంకె చూడగానే చేతిలోకి స్పానరు తీసుకుంటారు. ఆయన ముందు ఉన్నది అప్పుడు నింద కాదు, ఒక చిక్కు. మ్యాటు తడి సంగతి ఆయనకు చెప్పారా? ఉత్తరంలో అలా కనిపించలేదు. వానకు బోల్టు తుప్పు పట్టడం ఆయన తప్పు కాదు, మీ తప్పు కూడా కాదు. ఆ మాట ముందే అనేయండి. ఒకవేళ ఎర్ర తీగ జాయింటులోనో, కెమెరా తీగ దారిలోనో ఆయన పొరపాటే బయటపడితే, ఆయనే చూసి ఆయనే సరిచేసుకునే వీలు దొరుకుతుంది. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు ఉంటే సోల్డర్ చేసి స్లీవు వేయమని అడగవచ్చు. ఈసారి పనికి డబ్బు తీసుకోమని గట్టిగా అనండి. కానుక కానిదానికి వారంటీ అడగడం మీకూ తేలిక, ఆయనకూ తేలిక.

ఆయన అప్పటికీ మొగ్గకపోతే అదే కాగితంతో సర్వీసు సెంటరుకు వెళ్లండి. మీటరు మార్చకముందు ఎడమ ప్యానెల్ విప్పి ఎర్త్ బోల్టు శుభ్రం చేసి, లైట్ల బరువుతో మళ్లీ కొలిచి చూపమని రాతపూర్వకంగా అడగండి. బోల్టు విప్పి, ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయడం గంట పని. ఆ ప్రయత్నానికి వారు ఒప్పుకోకపోతే ఆ చోటు మీకు తగినది కాదు.

నాన్నగారి ప్రయాణం వచ్చే నెల అన్నారు. అప్పటికి ఇవన్నీ తేలి, ఒక వాన రాత్రి లైట్లతో గంటసేపు నడిపి చూసుకునే వీలు దొరికితే కారులో వెళ్లండి. లేకపోతే ఈసారికి రైలు ఎక్కండి, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖ చేరవచ్చు. గుండె జబ్బు మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, చీకట్లో మీటరు మసకబారే బండిని నడపడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు.

చివరిగా ఆయన రేడియో. ఆయన వినే విశాఖ స్టేషను మీడియం వేవ్‌ది అనుకుంటున్నాను. మీడియం వేవ్‌లో ధ్వని అల ఎత్తుపల్లాలుగా ప్రయాణిస్తుంది. దగ్గరలో పుట్టిన ప్రతి విద్యుత్ రొదా ఆ ఎత్తుపల్లాలనే చెరుపుతుంది, అందుకే ఎఫ్.ఎం. కంటే దీనికి రొద ఎక్కువ సోకుతుంది. అలాగని ఎఫ్.ఎం.కు మారమని చెప్పలేను, అది కొండ అడ్డొస్తే ఆగిపోతుంది, మీ దారిలో కొండలకు కొదవ లేదు. కరెంటు రైలు పట్టాలు రోడ్డును ఆనుకుని వచ్చే చోట కాసేపు బుర్రుమంటే అది కారు తప్పు కాదు, దాన్ని వదిలేయండి. మిగతా రొద వెతకడానికి పెద్దాయన పాత ట్రాన్సిస్టర్ ఇంట్లో ఉంటే బయటికి తీయండి, లేకపోతే బ్యాటరీతో నడిచేది ఏదైనా సరే. విశాఖ స్టేషను పెట్టి, ఆగిన కారు పక్కన ఆయన చేతికివ్వండి. మీరు ముందు ఇంజను వేయండి, తర్వాత మొబైల్ చార్జరు గుచ్చండి, తర్వాత ఒక్కొక్కటిగా లైట్లు, బ్లోయర్. ఏది వేసినప్పుడు రొద పుట్టిందో, ట్రాన్సిస్టర్‌ను ఎక్కడికి జరిపితే పెరిగిందో ఆయన చెబుతారు. చవక చార్జరు, చవక ఎల్.ఇ.డి. బల్బు పట్టుబడడం తరచూ చూశాను. ట్రాన్సిస్టర్‌లో స్పష్టంగా వినిపిస్తూ కారు సెట్టులోనే నిస్సత్తువగా ఉంటే, యాంటెన్నా బూస్టరుకు కరెంటు ఇచ్చే నీలం తీగ కలిపారో లేదో బావగారిని చూడమనండి. పాత స్టీరియో తీసేటప్పుడు అది విడిపోయి డ్యాష్‌బోర్డు వెనుక ఊరికే వేలాడుతూ ఉండడం చాలా బండ్లలో చూశాను.